పాతిపెట్టిన వేగం

*ఒకప్పుడు నేల మీద దానంత జోరుగా పరుగెత్తిన బండి లేదు. మనిషిని పొట్టన పెట్టుకుందని దాన్ని సముద్రపు ఒడ్డునే గొయ్యి తీసి పూడ్చేశారు. నలభై రెండేళ్ల తర్వాత ఒక మాస్టారు వచ్చి తవ్వి తీశాడు. ‘బాబ్స్’ రికార్డుకు 2026 ఏప్రిల్‌తో నూరేళ్లు.*

1969. వేల్స్ దక్షిణ తీరాన పెండైన్ అనే చిన్న ఊరు. ఊరికి అవతల ఇసుకదిబ్బల్లో తవ్వకం సాగుతోంది. అది బ్రిటన్ రక్షణశాఖ నేల, ఆయుధాలు పేల్చి చూసుకునే చోటు. మామూలు మనుషుల్ని అటు పోనివ్వరు. అక్కడ గొయ్యి తీయిస్తున్న ఓవెన్ విన్ ఓవెన్‌కు మాత్రం సైన్యంతో ఏ సంబంధమూ లేదు. ఉత్తర వేల్స్‌లోని బ్యాంగర్ టెక్నికల్ కాలేజీలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకునే మాస్టారాయన. పాత బండ్లంటే ప్రాణం.

ఒడ్డున ఇసుక తవ్వడం ఎలా ఉంటుందో మన తీరాల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు పారలు తీస్తే ఒక పార తిరిగి జారుతుంది. అలా తీయగా తీయగా తుప్పు రంగు బయటపడింది. పడవంత పొడవున్న ఇనుప చట్రం. దాని మీద పన్నెండు సిలిండర్ల విమానం ఇంజిన్. పైతొడుగును ఉప్పుగాలి, ఉప్పునీరు చాలామటుకు తినేశాయి. కానీ బండి ఆకారం బండిదే.

ఊళ్లో కొందరు మండిపడ్డారు. వాళ్ల దృష్టిలో అక్కడున్నది తుక్కు కాదు, సమాధి. చచ్చిపోయిన మనిషి మీద గౌరవంతో పెద్దలు పూడ్చినదాన్ని పైకి లాగడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న తేలిగ్గా తీసిపారేయదగ్గదని నాకెప్పుడూ అనిపించలేదు. అసలు ఒక కారును మనిషిలా పాతిపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తే గానీ, తవ్వినాయన చేసింది తప్పో ఒప్పో తేల్చలేం.

లేలాండ్ నుంచి వచ్చినవాడు

ఆ కారు నడిపినవాడి పేరు జాన్ గాడ్‌ఫ్రీ ప్యారీ-థామస్. వేల్స్‌లోని రెక్సమ్‌లో పుట్టాడు. లండన్‌లో ఇంజినీరింగ్ చదివాడు. లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజినీరు స్థాయికి ఎదిగాడు. లేలాండ్ అనగానే మనకు చప్పున తగిలే పేరే అది. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్, ఆ ఇంగ్లండు కంపెనీతో చేతులు కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. చెన్నై, కోల్‌కతా జాతీయ రహదారి పక్కన పెరిగిన ఏ పిల్లాడైనా, లారీ ముందు భాగం మీది ఆ అక్షరాలు చూసే ఇంగ్లిషు కూడబలుక్కుని ఉంటాడు. నేనూ అంతే.

లారీలు, బస్సులు చేసే కంపెనీలో థామస్‌కు వేగం మోజు ఎలా పుట్టిందంటే, కంపెనీవాళ్లే పుట్టించారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక లేలాండ్‌కు ఖరీదైన కారు ఒకటి చేయాలనిపించింది. ఆ పని థామస్‌కు అప్పగించారు. ఆయన గీసిన ‘లేలాండ్ ఎయిట్’ 1920లో లండన్ ప్రదర్శనలోకి వచ్చింది. బ్రిటన్‌లో అప్పటికి అంత ధర పలికిన కారు లేదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, కొన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. కంపెనీ ఆ ముచ్చట అంతటితో కట్టిపెట్టింది. థామస్ కట్టిపెట్టలేకపోయాడు. 1923లో ఉద్యోగానికి నమస్కారం పెట్టి, లండన్ దగ్గరి బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకుకు మకాం మార్చాడు. మకాం అంటే అక్షరాలా మకామే. ట్రాకు ఆవరణలోనే చిన్న బంగళా. పెళ్లి లేదు. తోడుకు రెండు అల్సేషియన్ కుక్కలు. పగలంతా ఇంజిన్లతో, రాత్రి డ్రాయింగ్ కాగితాలతో గడిపేవాడు. రేసుకు దిగినప్పుడు అందరిలా దొరల దుస్తుల్లో కాకుండా, రంగురంగుల అల్లిక స్వెట్టరు వేసుకుని వచ్చేవాడు.

నూట పాతిక పౌండ్ల బండి

ఆ రోజుల్లో ఇంగ్లండులో లూయీ జ్బరోవ్‌స్కీ అనే కుర్ర కౌంటు ఉండేవాడు. పదహారేళ్లకే అమ్మానాన్నా పోయి, అంతులేని ఆస్తి చేతికొచ్చింది. ఆ డబ్బంతా విమానం ఇంజిన్లు తెచ్చి కార్ల చట్రాలకు ఎక్కించడంలో పెట్టాడు. వాటిలో కొన్నింటికి ‘చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’ అని పేరు. జేమ్స్ బాండ్‌ను పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ తన పిల్లల పుస్తకానికి పేరు తీసుకున్నది అక్కడి నుంచే.

కౌంటు చివరగా చేయించిన పెద్ద బండి ‘హైయమ్ స్పెషల్’. ఇంగ్లండులోని కెంట్‌లో ఆయన బంగళా పేరు హైయమ్. దానికి పెట్టిన ఇంజిన్ అమెరికన్ లిబర్టీ. 1917లో యుద్ధం తొందరలో, వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో ఇద్దరు ఇంజినీర్లు వారం తిరక్కుండా గీసి పడేసిన విమానం ఇంజిన్ అది. సామర్థ్యం 27 లీటర్లు. మన వీధుల్లో తిరిగే చిన్న కారు ఇంజిన్ 1.2 లీటర్లు అనుకుంటే, అలాంటివి ఇరవై రెండు ఒక్క బోనెట్ కింద కుక్కినట్టు. గేర్‌బాక్సు యుద్ధానికి ముందటి బెంజ్ రేసుకారుది. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తి అందించేవి గొలుసులు. చట్రానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. సైకిల్ గొలుసు లాంటివే, కాకపోతే 450 గుర్రాల బలం లాగాలి. డ్రైవరు కూర్చున్నచోటికి అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఈ గొలుసుల సంగతి గుర్తుంచుకోండి.

1924 అక్టోబరులో ఇటలీలోని మోంజా రేసులో కారు చెట్టుకు కొట్టుకుని కౌంటు చనిపోయాడు. వయసు ఇంకా ముప్పై నిండలేదు. ఆయన తండ్రి కూడా 1903లో ఫ్రాన్స్‌లో కొండ రేసులోనే పోయాడు. తండ్రి చివరి రోజున చొక్కా చేతులకు పెట్టుకున్న బొత్తాలే కొడుకు కూడా ఆ రోజు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. ఇలాంటి మాటలు రేసుల లోకంలో చాలా పుడతాయి, నమ్మేవాళ్లు నమ్ముతారు.

దిక్కులేని హైయమ్ స్పెషల్‌ను థామస్ 125 పౌండ్లకు కొన్నాడు. ఇంజిన్ విప్పి, తను గీసిన పిస్టన్లు వేశాడు. నాలుగు కార్బురేటర్లు బిగించాడు. గాలి కోసుకుపోయేలా తొడుగు మార్చాడు. పేరు కూడా మార్చి ‘బాబ్స్’ అన్నాడు. బార్బరా అనే పేరున్న ఆడపిల్లను ముద్దుగా పిలిచే పిలుపది.

అలలు వెనక్కి తగ్గిన వేళ

1926లో బ్రిటన్ రోడ్ల మీద చట్టం ఒప్పుకున్న వేగం గంటకు ఇరవై మైళ్లు. ముప్పై రెండు కిలోమీటర్లు. మన ఆటోవాలా నవ్విపోతాడు. వేగం కావాలనుకున్నవాడు సముద్రం దగ్గరికి పోవాల్సిందే. పెండైన్‌లో ఏడు మైళ్ల పొడవునా ఇసుక చదునుగా పరుచుకుని ఉంటుంది. ఆటు సమయంలో నీరు వెనక్కి పోయాక తడి ఇసుక గట్టిపడుతుంది. మళ్లీ పోటు వచ్చేలోపు పని ముగించుకోవాలి. అలలు వదిలిన మడతలు, అక్కడక్కడా నీటి చెలమలు, గవ్వలు, అన్నిటినీ చూసుకుని దారి ఎంచుకోవాలి. సముద్రం ప్రతిరోజూ రెండుసార్లు ట్రాకు చెరిపి కొత్తది వేస్తుందన్నమాట. అది ఎలా వేస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఆ ఏడాది మార్చిలో రేసు డ్రైవరు హెన్రీ సీగ్రేవ్ గంటకు 152.33 మైళ్లు అందుకుని ఉన్నాడు. ఏప్రిల్ 27న థామస్ బాబ్స్‌ను పెండైన్ ఇసుక మీదకు దించాడు. 169.30 మైళ్లు. మర్నాడు మళ్లీ దిగి 171.02. అంటే 275 కిలోమీటర్లు. మన వందే భారత్ పరీక్షల్లో పట్టాల మీద అందుకున్నది 180. నూరేళ్ల కిందట, తడి ఇసుక మీద, సీటుబెల్టు లేకుండా, తలకు తోలు టోపీతో ఒక మనిషి దాన్ని దాటి పోయాడు. అదీ పాత సామాన్లతో, సెకండ్‌హ్యాండ్ బండి మీద. పెద్ద కంపెనీల డబ్బుకు లొంగని ఆ తీరు పెండైన్ జనానికి ఎంత నచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా మనిషి తమ వేల్స్‌వాడు.

┌───────────────
■ రికార్డు అంటే లెక్కేమిటి?
ఒక్కసారి దూసుకుపోతే రికార్డు కాదు. ముందే వేగం అందుకుని కొలిచిన మైలులోకి (లేదా కిలోమీటరులోకి) దూకాలి. దాన్ని ‘ఫ్లయింగ్ మైల్’ అంటారు. తర్వాత బండి తిప్పుకుని ఎదురు దిశలో మళ్లీ రావాలి. రెండు పరుగుల సగటే లెక్కలోకి వస్తుంది. వెనక నుంచి తోసిన గాలి తిరుగు పరుగులో ముఖాన కొడుతుంది కాబట్టి ఎవరికీ ఉచిత సాయం ఉండదు. ఇప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం రెండు పరుగులూ గంటలోపు పూర్తవ్వాలి. 1997 అక్టోబరు 15న అమెరికాలోని నెవాడా ఎడారిలో ఆండీ గ్రీన్ జెట్ ఇంజిన్ల ‘థ్రస్ట్ ఎస్.ఎస్.సి.’తో సాధించిన గంటకు 763.035 మైళ్లదే నేటికీ పైచేయి. నేల మీద ధ్వని వేగాన్ని దాటిన రికార్డు అది.
└───────────────

ఒక నెల తేడా

1927 ఫిబ్రవరి 4న మరో పోటీదారు మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే పెండైన్‌కు తన ‘బ్లూబర్డ్’ తెచ్చి 174.88 మైళ్లు నమోదు చేశాడు. తేడా నాలుగు మైళ్లు కూడా లేదు. ఇంకోపక్క సీగ్రేవ్, వెయ్యి గుర్రాల సన్‌బీమ్ కారుతో అమెరికాలోని డేటోనా బీచ్‌లో దిగబోతున్నాడు. లక్ష్యం రెండు వందల మైళ్లు. అతను దిగాడంటే బాబ్స్ ఆట కట్టే. థామస్ దగ్గర రోజులు లేవు.

నెల తిరక్కుండానే పెండైన్‌కు వచ్చాడు. అప్పటికే ఫ్లూ పట్టి పీడిస్తోంది, పూర్తిగా తేరుకోలేదు. చలికాలపు వాన, తడి ఇసుక. మార్చి 3న బాబ్స్‌ను బయటికి తీశాడు. వేగం పుంజుకుని దూసుకుపోతుండగా బండి అదుపు తప్పింది. దొర్లింది. ఇసుకను చీల్చుకుంటూ జారిపోయి ఆగింది. పరుగెత్తుకెళ్లినవాళ్లకు థామస్ ప్రాణాలతో దక్కలేదు. తలకు తగిలిన దెబ్బ చూడలేనంత ఘోరం. నేల మీద వేగం రికార్డు వేటలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి డ్రైవరుగా ఆయన పేరు చరిత్రకెక్కింది.

తెగిన కుడి గొలుసు కనపడింది. ఇంకేం కావాలి? గొలుసు తెగి కొరడాలా లేచి డ్రైవరు తలను కొట్టిందని అందరూ నిశ్చయించుకున్నారు. పత్రికలూ అదే రాశాయి, తర్వాతి పుస్తకాలూ అదే ఎత్తి రాసుకున్నాయి.

ఇరవై ఆరు రోజులకు, మార్చి 29న, డేటోనాలో సీగ్రేవ్ 203.79 మైళ్లు అందుకున్నాడు. ఆ అంకె ముందు క్యాంప్‌బెల్ 174, థామస్ 171 ఒకేలా పాతబడిపోయాయి. కార్ల ప్రపంచ వేగ రికార్డు మళ్లీ పెండైన్ తొక్కలేదు. ముందు డేటోనా, 1935 నుంచి అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానం. ఇసుకకు కాలం చెల్లింది.

గొయ్యి

థామస్‌ను బ్రూక్‌లాండ్స్ పక్కనున్న బైఫ్లీట్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. బాబ్స్‌ను ఏం చేయాలి? బాగుచేసి నడిపేందుకు చేతులు రాలేదు. తుక్కుకు అమ్మేందుకు మనసు రాలేదు. పెండైన్ ఇసుకదిబ్బల్లో పెద్ద గొయ్యి తీసి అందులోకి దించారు. దించేముందు సీట్ల తోలు కోసేశారు. గడియారాల్లాంటి మీటర్ల అద్దాలు పగలగొట్టారు. జ్ఞాపకంగా ఎవరూ ముక్క పట్టుకుపోకూడదని, పట్టుకుపోయినా పనికిరాకూడదని.

నాకు ఈ కథ మొత్తంలో మనసు పట్టేసిన దృశ్యం ఇదే. గొయ్యి పక్కన నిలబడి, ఎంతో శ్రద్ధగా కుట్టిన తోలును కత్తితో బర్రున చీల్చిన చెయ్యి. అది కోపమా, దుఃఖమా? మన ఊళ్లలో ఇంటి యజమాని పోతే ఆయన వాడిన మంచం బయట పడేస్తారు, పక్క తగలబెడతారు. వస్తువు చేసిన పాపమేమీ లేదని అందరికీ తెలుసు. అయినా ఆ వస్తువు కళ్ల ముందు తిరగకూడదు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక ఆ తీరాన్ని సైన్యం తీసుకుంది. కంచె పడింది. బాబ్స్ గొయ్యి కంచె లోపలికి పోయింది. చూసినవాళ్లు ముసలివాళ్లయ్యారు. ‘అదిగో ఆ దిబ్బల్లో ఎక్కడో ఒక రేసుకారు ఉందట’ అన్న మాట ఒక్కటే మిగిలింది.

మాస్టారి మొండితనం

ఓవెన్‌కు ముందు కావలసింది రెండు అనుమతులు. ఒకటి రక్షణశాఖది, రెండోది థామస్ కుటుంబానిది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి రెండూ సంపాదించాడు. మూడోది, అంటే ఊరివాళ్ల మనసు, కాగితం మీద దొరికేది కాదు. పత్రికలకెక్కిన గొడవ అయింది.

ఇద్దరి మాటా వినాలి. పాతిపెట్టినవాళ్లది స్నేహం. ఆ స్నేహానికి నలభై ఏళ్ల తర్వాత కూడా విలువ ఉంది. తవ్వినవాడిది జిజ్ఞాస. ఊరికే తెచ్చి అమ్ముకునేవాడైతే నేను ఊరివాళ్ల పక్కన నిలబడేవాణ్ని. కానీ ఓవెన్ చేసింది వేరు. తుప్పు ముద్దను ఉత్తర వేల్స్ కొండల్లోని కపెల్ క్యూరిగ్‌లో తన ఇంటికి చేర్చుకున్నాడు. సుమారు పదిహేనేళ్లు దానితోనే గడిపాడు. చట్రం నిలబెట్టాడు. పనికొచ్చే ప్రతి పాత భాగాన్నీ ఉంచాడు, పోయినవాటిని చేయించాడు. చివరికి లిబర్టీ ఇంజిన్ మళ్లీ మోగింది. పన్నెండు సిలిండర్ల ఆ మోత 1927లో ఆగిపోయిన తర్వాత మళ్లీ వినపడింది.

ఈ పనిలో ఆయనకు ఇంకొకటి దొరికింది. విప్పిన ప్రతి భాగాన్నీ ఇంజినీరు కంటితో చూస్తుంటే, వెనక కుడి చక్రం దెబ్బతిన్న తీరు వేరే కథ చెప్పింది. ముందు విరిగింది చక్రం. బండి ఆ పక్కకు కుంగి దొర్లింది. గొలుసు తెగింది ఆ గందరగోళంలోనే. అంటే నలభై ఏళ్లుగా హత్యానేరం మోస్తున్న గొలుసు బహుశా నిర్దోషి. గొలుసు కథ ఇప్పటికీ చాలా పుస్తకాల్లో అలాగే ఉంది. జనం నోట పడిన కథ చక్రం కంటే గట్టిది. కానీ గొయ్యి తవ్వకపోతే ఈ వాదన పుట్టేదే కాదు. అందుకే, ఊరివాళ్ల బాధ అర్థమైనా, నా ఓటు మాస్టారికే.

┌───────────────
■ పికప్‌లూ పందెంలోనే
వేగం రికార్డు అంటే సూది మొన లాంటి కార్లేనని అనుకోనక్కర్లేదు. సరుకులు మోసే పికప్ ట్రక్కులకూ ఈ పిచ్చి అంటుకుంది.

● 2002లో అమెరికా ఇంజినీరు గేల్ బ్యాంక్స్ బృందం ‘సైడ్‌వైండర్’ అనే డాడ్జ్ డకోటా పికప్‌లో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ పెట్టి, బానవిల్ ఉప్పు మైదానంలో గంటకు 217 మైళ్లు తోలింది. విశేషమేమంటే ఆ పికప్ తన సామాన్ల ట్రెయిలర్‌ను తానే లాక్కుంటూ, మామూలు రోడ్డు మీద నడుచుకుంటూ అక్కడికి వచ్చింది.

● 2004 ఫిబ్రవరిలో షోరూంలో అమ్మే పికప్‌లలో డాడ్జ్ రామ్ ఎస్.ఆర్.టి.-10 గంటకు 154.587 మైళ్లతో గిన్నిస్‌కెక్కింది. లోపల వైపర్ స్పోర్ట్స్‌కారు ఇంజిన్.

● 2006 మేలో ఆస్ట్రేలియాలోని వూమెరాలో రేసు డ్రైవర్ మార్క్ స్కైఫ్, హెచ్.ఎస్.వి. మాలూ ఆర్8 తోలి 271.44 కిలోమీటర్లతో దాన్ని దాటేశాడు. సరుకుల తొట్టితో కొత్త శతాబ్దపు బండి. అయినా బాబ్స్ 1926 అంకెకు నాలుగు కిలోమీటర్లు తక్కువే!
└───────────────

తిరిగి అదే ఒడ్డుకు

బాబ్స్ ప్రదర్శనల్లో నడిచింది. 1996లో పెండైన్‌లో వేగం మ్యూజియం తెరిచాక, వేసవిలో అక్కడికి వచ్చి ఉండేది. ఏ ఊరు వద్దు తవ్వొద్దంటూ అడ్డం పడిందో ఆ ఊరే దాన్ని చూపించి గర్వపడింది. ఓవెన్ 2012లో కన్నుమూశాడు. పాత మ్యూజియం స్థానంలో కొత్తగా కట్టిన ‘మ్యూజియం ఆఫ్ ల్యాండ్ స్పీడ్’ 2023లో తెరుచుకుంది. దాని అద్దాల అవతల, కాస్త దూరంలో అదే ఇసుక, అదే సముద్రం. 2015లో సినిమా నటుడు ఇడ్రిస్ ఎల్బా అదే ఇసుక మీద బెంట్లీ కారు తోలి, ఫ్లయింగ్ మైల్‌ను 180 మైళ్ల వేగంతో దాటాడు. నటుడు ఒక మామూలు బెంట్లీతో క్యాంప్‌బెల్‌ను దాటేశాడంటే, కాలం ఎంత ముందుకొచ్చిందో చూడండి. థామస్, క్యాంప్‌బెల్ మధ్య తేడా నాలుగు మైళ్లన్న సంగతి కూడా అక్కడే గుర్తుకొస్తుంది. ఆ నాలుగు మైళ్ల కోసమే కదా జ్వరంతో బయల్దేరింది.

ఈ వ్యాసానికి కూర్చునే ముందు విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పాత లేలాండ్ లారీలు విప్పి బిగించడంలో ఆయనకు నలభై ఏళ్ల అనుభవం. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. ఛాసిస్ కింద పడుకుని పని చేస్తూనే కథంతా విన్నాడు. గొలుసు తెగిందన్నప్పుడు ఏమీ అనలేదు. చక్రం విరిగిందన్నప్పుడు “అదీ మాట” అన్నాడు. తవ్వి తీసి పదిహేనేళ్లు రిపేరు చేశాడనగానే మాత్రం స్పానర్ పక్కన పెట్టి బయటికి జారి వచ్చాడు.

“ఒక్క బండికి పదిహేనేళ్లా బాబూ? ఓనరు ఊరుకున్నాడా?”

“ఆయనే ఓనరు, మేస్త్రి గారూ.”

“అట్టా చెప్పు,” అని మళ్లీ లారీ కిందికి దూరాడు.